ఒట్టు మానేసిన చేపలవాడు

మా కెంక్రేయ రేవులో గ్లూకోను అమ్మిన చేపల కన్నా వేసిన ఒట్లే ఎక్కువ. వాసన పట్టిన చేపను తోక పట్టి ఊపుతూ, "సముద్రదేవుడు పొసైడన్ తోడు, ఇంకా గిలగిల్లాడుతోంది చూడండి!" అనేవాడు. అలాంటివాడు క్రీస్తు మనుషుల్లో కలిసి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. మర్నాటి నుంచి ఒట్టు మానేశాడు. అబద్ధం కూడా.

"తాజాదేనా?" అని అడిగితే, "నిన్నటిదండీ" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ పక్క బుట్టకు వెళ్లేవారు. అది సోసిబియాది. ఆవిడ గ్లూకోను కన్నా పెద్దది. నోరు ఇంకా పెద్దది.

"ఒరేయ్, ఒట్టు తీసి గట్టున పెట్టావు సరే, పెళ్లాం బిడ్డల్ని ఎక్కడ పెడతావురా?"

"మాకు గుడి లేదు, విగ్రహం లేదు అక్కా. మమ్మల్ని పోల్చుకోడానికి నడతొక్కటే గుర్తు."

"గుడీ లేదు, విగ్రహమూ లేదు, ఇప్పుడు బేరం కూడా లేదు. భలే మతంరా!"

ఒకరోజు ఓడల యజమాని ఇంటి వంటమనిషి క్లోరిస్ వచ్చింది. సోసిబియా బుట్టలోంచి ఓ చేప తీసి, "ఇదెప్పటిది అన్నా?" అని గ్లూకోనును అడిగింది. అది మొన్నటిదని అతనికి తెలుసు. అబద్ధం ఆడకూడదు, తోటిమనిషి పొట్ట కొట్టకూడదు. సముద్రం వైపు తిరిగి, "గాలి హాయిగా ఉంది కదమ్మా" అన్నాడు. క్లోరిస్ చేపను బుట్టలో పడేసి వెళ్లిపోయింది.

ఈ సంగతి రేవంతా పాకింది. అందరూ సోసిబియా చేప పట్టుకుని గ్లూకోను మొహం చూడటమే. అతను సముద్రం చూస్తే బేరం పోయినట్టే.

"నోరు మూసుకుని నా కొంప ముంచుతున్నావు కదరా! ఒక్క అబద్ధం ఆడు. మీ దేవుడికి నేను సర్దిచెబుతాను!"

ఆవిడ కళ్లలో నీళ్లు గ్లూకోను చూశాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న ఉప్పంతా మోసుకొచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు.

"మిగిలినవి ఏ రోజువి ఆ రోజే ఉప్పేసేద్దాం అక్కా. ఉప్పుచేపను ఎప్పటిదని ఎవరూ అడగరు."

సోసిబియా చాలాసేపు గొణిగింది. తర్వాత చేపలు చీల్చే కత్తి తీసింది.

ఇక బుట్టల్లో ఆ రోజు చేపలే; గ్లూకోను సముద్రం వైపు తిరగాల్సిన పనే లేదు. నెల తిరిగేసరికి ఇద్దరి బుట్టలూ మధ్యాహ్నానికే ఖాళీ అవుతున్నాయి. ఆదివారం తమవాళ్ల విందుకు రమ్మని గ్లూకోను పిలిచాడు.

"ఏం పెడతారేంటి?"

"రొట్టె, అక్కా."

"వట్టి రొట్టేనా? మీకు మంచితనమే తప్ప తిండి తెలీదురా. కూర నేను తెస్తాలే!"

తెచ్చింది. అందరికీ తనే వడ్డించింది.