కొమ్ముదీర్ఘం

మా రూబెన్ ఎక్కిన ఓడ పరాయి దేశపు రేవులో ఆగిపోయి నలభై రోజులైంది. వాడు ఇంజను గదిలో మూడో ఇంజనీరు. ఓడ అడుగున చేరే నూనె నీళ్లను వడకట్టకుండా దొంగ పైపుతో సముద్రంలోకి వదిలారని అక్కడి అధికారులు పట్టుకున్నారు. అలా వదలకూడదని అన్ని దేశాలూ కలిసి చేసుకున్న చట్టం ఉంది. వడకట్టిన నీళ్లు వదిలిన ప్రతిసారీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఈ ఓడ పుస్తకంలో మాత్రం అంతా వడకట్టినట్టే రాసి ఉందట.

రెండు వేల ఆరు డిసెంబరులో కంపెనీ మనిషి సేఠీ ఆర్.కె. పురంలో నేనుండే గదికి వచ్చాడు. ఆ పుస్తకంలో పేజీకి తీసిన జిరాక్సు కాగితం ఒకటి తీశాడు.

“మాతాజీ, ఈ సంతకం చూడండి. నాకైతే జలేబీలా ఉంది” అని హిందీలో నవ్వాడు.

ఒక్క అక్షరం సంతకం.

“ఓడలో తెలుగువాళ్లు ఇద్దరే. మీ అబ్బాయి, పై ఇంజనీరు రామమూర్తి. ఇద్దరూ మాది కాదంటున్నారు. ఆఫీసులో తెలుగాయనకి చూపిస్తే రా కావచ్చు, రూ కావచ్చు అన్నాడు.”

మా ఆయన పోయాక, యాభై రెండో ఏట నాచేత అక్షరాలు దిద్దించింది రూబెనే. రా, రూ నాకు తారుమారయ్యేవి. “కొమ్ము కిందికి లాగమ్మా, చేపల గాలంలాగా” అని వేళ్లు పట్టుకుని రాయించేవాడు. లోకంలో అందరి కొమ్ముదీర్ఘం పైకి పోతుంది. వాడిది కిందికి దిగుతుంది. కాగితం మీద ఆ గాలమే ఉంది.

“ఇది రూ. మావాడిదే.”

“పక్కా?”

“వాడి రాత నాకు తెలీదా భయ్యా! వాడి దగ్గరేగా నేర్చుకుంది.”

“అచ్ఛా. అదే కింద రాసివ్వండి. కేసు త్వరగా తేలిపోతుంది.”

ఒక్క తప్పు లేకుండా రాశాను. సేఠీ కాగితం మడిచి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే రూబెన్ ఫోన్ చేశాడు.

“అమ్మా, సంతకం ఎవరిదో తేలకపోతే ఇద్దర్నీ వదిలేస్తారని లాయరు చెప్పాడే. క్రిస్మస్‌కి వచ్చేస్తా. రోజ్‌కుకీలు చేసి ఉంచు.”

“ఆ సంతకం నీదేనా నాయనా?”

“ఎవరితో అనకు. రామమూర్తి పెట్టమన్నాడు. పెట్టకపోతే ఓడ దింపేస్తానన్నాడు. అయినా నా రూ ఎవడికి అర్థమవుతుందిలే!” అని నవ్వాడు.

“నాకు అర్థమవుద్ది కదరా” అన్నాను.

అవతల నవ్వు ఆగిపోయింది.

“మనింటికి ఎవరైనా వచ్చారా అమ్మా?”

రామమూర్తి జనవరిలో ఇల్లు చేరాడు. రూబెన్‌కి రెండేళ్ల జైలు వేశారు. వాడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నెలన్నరకి తిరిగొచ్చింది. లోపల ఇంగ్లీషులో ఒక చీటీ ఉంది. పక్కింటి ఇషిత చదివి చెప్పింది: ఖైదీలకి వచ్చే ఉత్తరాలు చదివి చూశాకే ఇస్తారట. అక్కడ తెలుగు చదవగలిగిన వాళ్లు ఎవరూ లేరట.