పదో తారీకు రాజీనామా

ఐ.పోలవరం దగ్గర రొయ్యల ప్లాంటులో మాణిక్యం తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. మార్చి పన్నెండున ఐసు దంచే మిషన్లో కుడిచేయి పడి మూడు వేళ్ళు పోయాయి. సూపర్‌వైజరు దీపక్ కంపెనీ వ్యానులోనే తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్పించాడు.

రెండు వారాలకు ఇల్లు చేరింది. పనివాళ్ళందరికీ కంపెనీ కట్టిన ప్రమాద బీమా మార్చి ముప్పై ఒకటితో ఆఖరనీ, ఆలోగా దరఖాస్తు పెట్టకపోతే అంగవైకల్యం కింద ఏమీ రాదనీ ఆమెతో పనిచేసే ముత్యాలు వచ్చి చెప్పింది.

ఇరవై తొమ్మిదిన దీపక్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“దీనిమీద వేలిముద్ర వెయ్యమ్మా. బీమా సంగతి కంపెనీయే చూసుకుంటుందని మేనేజరు గారు చెప్పేరు.”

మాణిక్యం ఆసాంతం చదివింది. తను పని మానేస్తున్నట్టు రాజీనామా. తేదీ మార్చి పది.

“పదో తారీకున మానేసినదాన్ని, పన్నెండున మీ మిషన్లో చెయ్యెలా పెట్టేనండీ?”

దీపక్ చూపు తిప్పుకున్నాడు. “చెప్పమన్నది చెప్పేను. ప్లాంటులో ప్రమాదం జరిగినట్టు రికార్డులో ఉండకూడదంట. మీ ఆయనకి వ్యాను డ్రైవరు పని ఇస్తారంట.”

ఆమె భర్త ప్రకాశరావుది అద్దె ఆటో. “ఓసారి ఆలోచించు,” అన్నాడు మెల్లగా.

“ఆలోచించేను.” కాగితం మడిచి దిండు కింద పెట్టింది. “ఇది నా దగ్గరుంటుందండి. మీరెళ్ళిరండి.”

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అమలాపురంలోని బీమా ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి దుర్గాభవాని ఆమె ఇచ్చిన దరఖాస్తు ఫారం తిప్పి చూసింది.

“కంపెనీ సంతకం లేదు కదమ్మా. ఏప్రిల్లో రండి, కనుక్కుందాం.”

“ఏప్రిల్లో బీమా ఉండదు కదండీ. తీసుకోవడం కుదరదని దీనిమీదే రాసి, తేదీ వేసి ఇచ్చెయ్యండి. వెళ్ళిపోతాను.”

దుర్గాభవాని ఆమె చేతికట్టు వైపు కాసేపు చూసి, కుర్చీ చూపించింది. “జరిగింది రాసివ్వాలి. ఎవరినైనా పిలవనా?”

“నేనే రాస్తానండి.”

ఎడమచేత్తో రాయడానికి గంట పట్టింది. అక్షరాలు పక్కకి ఒరిగిపోతుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆసుపత్రి కాగితాలతో పాటు ఆ రాజీనామా కూడా జతచేసింది. దుర్గాభవాని ముప్పయ్యో తారీకు ముద్ర వేసి రసీదు ఇచ్చింది.

మే నెలలో బీమా ఆఫీసు నుంచి విచారణకు ఒకాయన ప్లాంటుకు వచ్చాడు. ఆమె పదో తారీకునే మానేసిందని మేనేజరు చెప్పాడు. ఆసుపత్రి కాగితంలో చేర్పించినవారి పేరు దగ్గర దీపక్ సంతకం ఉంది. ఆయన దీపక్‌ని పిలిపించి అడిగాడు. దీపక్ ఒకసారి మేనేజరు వైపు చూశాడు.

“ఆయ్, నేనే చేర్పించేనండి. పన్నెండునే,” అన్నాడు.

జూలైలో పరిహారం మంజూరైంది. ప్లాంటు ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆమె అడగనూ లేదు. షిఫ్టు దిగి చూడ్డానికి వచ్చిన ముత్యాలునీ, మరో నలుగురినీ అరుగు మీద కూర్చోబెట్టింది.

“హాజరు పుస్తకంలో మీ పేరున్న పేజీ రోజూ ఫోటో తీసుకోండే. ఎవరన్నా అడిగితే మాణిక్యం తియ్యమందని చెప్పండి.”