కెమెరాలో తలంబ్రాల గింజ

కెమెరా మార్చాలని తేల్చింది నరేశ్. సరేనని తలూపింది మా ఆయన ఓంప్రకాశ్. మధ్యలో నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మందమర్రిలో మా స్టూడియో బోర్డు మీద ఆయన పేరే ఉంటుంది కానీ, ఆయన తీసుకొచ్చిన ప్రతి ఫోటోనూ కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దేదీ, ఆల్బం పేర్చేదీ నేనే. అందుకే పిలవకపోయినా కరీంనగర్ దాకా వెంటబడి వచ్చాను. ఆయన జేబులో ఉన్న అరవై వేలు మా చిట్టీ డబ్బులు. అవి పోతే మళ్లీ కూడబెట్టే ఓపిక నాకు లేదు.

ఈ కొత్త కెమెరా గొడవంతా చెన్నూరు ఉపేందర్‌రావు గారింటి పెళ్లితో మొదలైంది. వాళ్ల అమ్మాయి దీక్షిత నిశ్చితార్థానికి మేమే ఫోటోలు తీశాం. పెళ్లి కూడా మాకే అన్నారు. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక వద్దన్నారు. ఆ కబురు మోసుకొచ్చింది నరేశే. "నీ కెమెరా పాతదైందన్నా. ఫోటోలు నల్లగ వచ్చినయని ఉపేందర్‌రావు దొర మొకం మాడ్చిండు" అన్నాడు. నేను ఏదో చెప్పబోతే, "నీకేం ఎరుక? వాడు చెవులార విన్నడు" అని మా ఆయన నా నోరు మూయించాడు. ఆ రోజు నుంచి మనిషి సగమైపోయాడు. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటో తీసేటప్పుడు తన చేతులు వణుకుతున్నాయని ఒకసారి నాతో అన్నాడు. అది విని నాకు ఏడుపొచ్చింది. మంచి కెమెరా చేతికొస్తే ఆ వణుకు పోతుందని ఆయన ఆశ.

నరేశ్ ఒకప్పుడు మా దగ్గరే లైట్లు పట్టేవాడు. ఇప్పుడు కరీంనగర్‌లో సెకండ్‌హ్యాండ్ కెమెరాల దుకాణం నడుపుతున్నాడు. మమ్మల్ని చూడగానే చాయ్ తెప్పించి, నల్లగా మెరిసిపోతున్న కెమెరా ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

"హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ సారుదన్నా. ఇంట్ల పిల్లల ఫోటోలు తప్ప బయట తియ్యనే తియ్యలే. వేరేటోళ్లకైతే లక్షకు తక్కువ ఇయ్య. నీకు అరవై వేలు, మీద నీ పాత కెమెరా. గంతే."

మా ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మా లెన్సు దీనికి పడుతదా?" అన్నాను.

"పడదు వదినా. ఇది ఫుల్ ఫ్రేమ్, లోపలి సెన్సర్ పెద్దది. దీని లెన్సులు వేరే. రేపటి పెండ్లికి నేను కిరాయికిస్త. పైసలు వచ్చినంక మెల్లగ కొనుక్కోరి."

"అయితే అప్పటిదాకా దీన్ని దేవుని అర్రల పెట్టి దండం పెట్టుకోవాల్నా?"

మా ఆయన మోచేత్తో పొడిచాడు. నేను కెమెరా లాక్కున్నాను.

పెళ్లి నుంచి వచ్చిన కెమెరాను తుడవడం నా పని. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఫోటోగ్రాఫర్ అందరికంటే ముందు నిలబడతాడు కదా, సగం బియ్యం ఆయన మీదే పడతాయి. కాలర్‌లో, బ్యాగులో, కెమెరా సందుల్లో ఎక్కడ చూసినా అవే. అలవాటు కొద్దీ ఈ కెమెరాకు కూడా కన్ను ఆనించే రబ్బరు ఊడదీశాను. దాని కింద పసుపు అంటిన బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

గోటితో తీసి అద్దాల బల్ల మీద పెట్టాను. "సాఫ్ట్‌వేర్ సారు పిల్లలు ఇంట్ల తలంబ్రాలు పోసుకున్నరా నరేశ్?"

నరేశ్ ముఖంలో రంగు మారింది. "వాళ్ల చెల్లె పెండ్లికి పట్టుకపోయిండేమో వదినా. నాకేమెరుక?"

"ఒక్క గింజకు గింత లొల్లా?" మా ఆయన కసిరాడు. "రేపు పొద్దుగాల సాంబయ్య బిడ్డ పెండ్లి. ఇయ్యాల కొనకుంటే ఏం పట్టుకొని పోవాలె?" అంటూ జేబులోంచి డబ్బు తీశాడు. నరేశ్ చెయ్యి చాపాడు.

"ఆగు. నేనొక్కసారి ఫోటోలు కొట్టి చూస్త. ఒక లెన్సు, కార్డు పెట్టు నరేశ్."

నరేశ్ వద్దనలేక, డబ్బు మీదే కన్నుంచి, లెన్సు బిగించి, సొరుగులో చేతికందిన మెమరీ కార్డు తీసి పెట్టాడు. నేను బటన్ నొక్కి వేలు తియ్యకుండా పట్టుకున్నాను. టకటకటకా మొదలైంది. మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాల చప్పుడు ఒకే తీరున సాగుతుంటేనే నాకు నిద్ర పట్టేది, అది తడబడితే మెలకువ వచ్చేది. ఇప్పుడూ చెవి అక్కడే పెట్టాను.

"చాలు వదినా, గట్ల కొడితే ఖరాబైతది!"

"పెండ్లిల గిట్లనే కొడుతరు గద!"

వేలు తియ్యలేదు. ఉన్నట్టుండి చప్పుడు తడబడింది. మళ్లీ అందుకుంది. మళ్లీ తడబడింది.

తెర మీద ఫోటోలు వెనక్కి తిప్పాను. కొన్నింట్లో అడుగున అడ్డంగా నల్ల పట్టీ. లోపల తెరుచుకుని మూసుకునే షట్టర్ అరిగిపోయింది. మా ఆయన వంగి చూశాడు. ఆ పట్టీ ఎక్కడ మొదలైందో చూద్దామని ఇంకా వెనక్కి తిప్పాను. ఇప్పుడు తీసినవి అయిపోయాయి. ఆ తర్వాత పెళ్లి మండపం వచ్చింది. బాసికం కట్టుకుని తల వంచుకున్న పెళ్లికూతురు దీక్షిత.

"కార్డు ఇటియ్యి వదినా!" నరేశ్ బల్ల మీదికి దూకినంత పని చేశాడు. నేను కెమెరాను మా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఒక్కొక్కటే చూశాడు. మంగళసూత్రం కట్టే ఫోటోలో కూడా అడుగున అదే నల్ల పట్టీ, దీక్షిత చేతుల మీదుగా.

"నల్లగ వచ్చినయని దొర అన్నడా, నువ్వే అన్నవా?" మా ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

నరేశ్ బల్ల మీది చాయ్ గ్లాసులు సర్దసాగాడు.

"చెప్పురా."

"నేనే తక్కువకు తీస్తనని దొరతోని మాట్లాడుకున్న. నీకేం చెప్పాల్నో తెల్వక గట్ల అన్న. తప్పయిందన్నా."

నేనైతే ఆ చాయ్ గ్లాసు వాడి నెత్తిన పగలగొట్టేదాన్ని. మా ఆయన మాత్రం డబ్బు జేబులో పెట్టుకుని, పాత కెమెరా భుజానికి తగిలించుకున్నాడు.

"రేపు గా పాత డబ్బా కెమెరాతోనే పోతవా అన్నా?"

ఆయన తలుపు తోసుకుని బయటికి నడిచాడు.

మెట్లు దిగాక ఆగాడు. "రోజా, నిజం చెప్పు. దీక్షిత నిశ్చితార్థం ఫోటోలు నల్లగ ఉండెనా?"

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఒక్కొక్కటి కండ్ల ముంగట పెట్టుకొని దిద్దినదాన్ని. నల్లగ ఉంటే నాకు కనబడకపోవునా? వాని మాట పట్టుకొని గిన్ని దినాలు కుమిలినవ్. నన్నొక్కసారన్న అడిగినవా?"

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు.

"గిప్పుడు అడుగుతున్న. ఏం కొనాలె?"

"మన కెమెరాకు పట్టేటి లెన్సు. తక్కువ వెలుతురుల గూడ మంచిగ వచ్చేది. కెమెరా బాగనే ఉన్నది." కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. "ముందుగాల నీ చేతులు చూపియ్యి."

ఆయన రెండు చేతులూ నా ముందు చాపాడు. అవి వణకడం లేదు. పట్టుకుంటే తెలిసింది, వణుకుతున్నవి నావేనని.