పిక్క మీద గీత

“స్నానం చేయొద్దన్నారు గానీ, బాత్రూమ్ కడగొద్దని ఎవరూ అనలేదుగా!” అన్నారు అత్తయ్య. రేపట్నుంచి నేను కాలు చాపుకుని కూర్చుంటే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో ఆవిడకు బాగా తెలుసు. పిక్క మీద ఆస్పత్రిలో గీసిన గీత ఉంది, తడవకూడదు అని అందామనుకున్నాను. అంటే “అబ్బో, అంత సుకుమారమా!” అంటారు. ఆ మాట పడే ఓపిక లేక చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని బకెట్ అందుకున్నాను.

నేను బట్టల షాపులో పనిచేస్తాను. కౌంటరు వెనక కుర్చీ ఉండదు. కూర్చుంటే కస్టమరుకు మర్యాద ఇచ్చినట్టు కాదని మా ఓనరు సిద్ధాంతం. ఇంటికొస్తే పొయ్యి ముందు నిలబడటం. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి కుడి పిక్క వెనక రక్తనాళాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. “నిలబడి పనిచేసేది నువ్వొక్కదానివేనా? బస్సులో కండక్టరు నిలబడట్లేదా?” అని మా ఆయన నవ్వి ఊరుకునేవారు. ఓ రోజు మెట్ల మీద కూలబడిపోయాను, ఆ పూట వంట ఆలస్యమైంది. అప్పుడు గానీ ఆయనకు ఆస్పత్రి గుర్తు రాలేదు.

ఈ ఉదయం స్కానింగ్ చేసే అమ్మాయి నన్ను పీట మీద నిలబెట్టి, “ఈ కాలి మీద బరువు పెట్టకండి అక్కా, వదిలేయండి” అంది. ఎంత ప్రయత్నించినా వదలడం నాకు చేతకాలేదు. చల్లటి జెల్ రాసి, తెర నా వైపు తిప్పింది. గుండ్రంగా నల్లగా ఉన్నది రక్తనాళమట. దాన్ని ఆనుకుని ఒక తెల్లటి చుక్క. “అది నరం. నొక్కితే రక్తనాళం నలిగిపోతుంది, నరం నలగదు, చూడండి. రేపు డాక్టరుగారు ఈ రక్తనాళాన్ని వేడితో మూసేస్తారు. ఇక్కడి నుంచి కిందికి మాత్రం రెండూ అతుక్కుని ఉన్నాయి. నరానికి వేడి తగిలితే పాదం బయటి అంచు, చిటికెనవేలి దాకా మొద్దుబారిపోవచ్చు.” నల్ల పెన్నుతో పిక్క మీద గీత గీసి, ఆ చోట ఇంటూ పెట్టింది. “ఇక్కడ ఆపేయమని గుర్తు. తడవనివ్వకండి. చెరిగితే మళ్లీ స్కాన్ చేయాలి.”

మూలన ఫోన్ చూసుకుంటున్న మా ఆయన తలెత్తారు. “మొద్దుబారితే మంచిదే కదమ్మా, నొప్పి తెలీదు. నడవగలిగితే చాలు.” ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను నవ్వాను. ఏడుపొచ్చినప్పుడు నవ్వడం షాపులో నేర్చుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు గానీ, కౌంటరు కింద చెప్పు విడిచి, ఆ పాదం అంచునే చల్లటి నేల మీద ఆనిస్తాను. రోజు మొత్తంలో నాకంటూ ఉన్న సుఖం అదొక్కటే. నేల చల్లగా తగలాలి డాక్టరుగారూ అని ఏ మొహం పెట్టుకుని అడగను?

బాత్రూమ్ కడిగి బయటికొచ్చేసరికి గీతా లేదు, ఇంటూ లేదు. మా ఆయన చూసి తల కొట్టుకున్నారు. “మళ్లీ స్కాన్ అంటే నాకింకో సెలవు దండగ. ఇలా రా.” ఆఫీసులో అట్టపెట్టెల మీద రాసే మార్కర్ సంచీలోంచి తీశారు.

“ఏవండీ, మీరు సరిగ్గా చూడలేదు కదా...”

“నీకు వెనక కళ్లున్నాయా? నేనక్కడే ఉన్నాను. కదలకు.”

మార్కర్ పిక్క మధ్యలోంచి నిటారుగా దిగింది. ఆ అమ్మాయి గీసిన గీతైతే పక్కకు వంపు తిరిగి ఉండేది. నేను చూడలేదు గానీ, ఆమె నొక్కిన ప్రతిచోటూ నా ఒంటికి గుర్తుంది.

“ఇంటూ చాలా పైనండీ. అంత కిందికి కాదు.”

“ఆఁ, ఎక్కడైతేనేం, డాక్టరు చూసుకుంటాడులే!” మడమ దగ్గర ఇంటూ పెట్టి మూత బిగించారు.

“నా కొడుకు కాబట్టి పెళ్లాం కాళ్ల దగ్గర కూర్చుని మరీ గీశాడు” అని మురిసిపోయారు అత్తయ్య.

రేపు కూడా నా బదులు ఆయనే మాట్లాడతారు. గీత లేకపోతే ఆ అమ్మాయి మళ్లీ చూస్తుంది. ఆయన సెలవు పోతే పోనీ అనుకుని, ఇందాక కడిగిన బాత్రూమ్‌లోకే వెళ్లి గడియ పెట్టుకున్నాను. సబ్బు రాశాను. నేల తోమే బ్రష్‌తోనే రుద్దాను. చర్మం కందిపోయి మండింది. చేతి అద్దం వెనక్కి పెట్టి చూశాను. ఆ అమ్మాయి గీసింది రెండు మగ్గుల నీళ్లకే పోయింది. మా ఆయన గీసింది అలాగే ఉంది.