నర్సమ్మ స్కూటీ

ఆ బుధవారం సుహాసిని ఊళ్ళోకి చేరేసరికి పదిన్నర దాటింది. గద్వాలలో ఎక్కిన బస్సు ధరూర్‌లో దించింది. అక్కడి దవాఖానలో టీకా మందులు ఐసు పెట్టెలో సర్దుకుని షేర్ ఆటోలో కూర్చుంది. పదకొండు మంది నిండితే గాని ఆటో కదలలేదు. తీరా వచ్చి చూస్తే ఇళ్ళకు తాళాలు. సీడు పత్తిలో క్రాసింగు, అంటే విత్తనం కోసం పూలను చేత్తో కలిపే పని, జరిగే రోజులవి. ఆడవాళ్ళంతా చంటిపిల్లల్ని చంకనేసుకుని ఏడున్నరకే చేలకు వెళ్ళిపోయారు.

అరుగు మీద సారమ్మ ఒక్కతే ఉంది, ఒళ్ళో ఏడాది మనవరాలితో. పిల్లకు తట్టు పోసి, ఊపిరితిత్తులకు దిగి, పన్నెండు రోజులు కర్నూలు దవాఖానలో ఉండి వచ్చింది. బతికింది గాని ఎముకల గూడులా ఉంది.

"ఇప్పుడొచ్చినవా నర్సమ్మా?" అంది సారమ్మ. ఆ గొంతులో కోపం లేదు. అదే సుహాసినికి ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వొచ్చే యాళ్ళకు మేం చేన్ల ఉంటం. నీ సూది కోసం ఆగితే మేస్త్రి మళ్ళ పనికి పిలువడు. ఈ పిల్లకు రెండుసార్లు గిట్లనే తప్పిపాయె."

సుహాసిని ఐసు పెట్టెను అరుగు మీద దించింది. ఈ ఊరితో కలిపి మూడు ఊళ్ళకు నర్సు తనే. మందు పాడు కాలేదు, తను సెలవు పెట్టలేదు. అయినా పిల్లకు సూది అందలేదు.

ఆ సాయంత్రం గద్వాలలో ఇంటికి రాగానే మెట్ల కింద గోనెపట్టా లాగి పక్కన పడేసింది. కింద ఆమె పాత స్కూటీ. ఎనిమిదేళ్ళ కిందట కొన్నది. బరువు పెడితే ఎక్కుడు రోడ్డు ఎక్కడం లేదని నాలుగేళ్ళుగా అక్కడే వదిలేసింది.

"పాత సామానోనికి వేద్దామనుకుంటున్న, మళ్ళ దాన్నెందుకు తీస్తున్నవ్?" అన్నాడు భర్త శివశంకర్.

"దీని మీదనే పోత."

"ధరూర్ అవతల గుట్ట ఎక్కుతదా ఇది? ఇద్దరం కూసుంటే మన గల్లీనే ఎక్కకపోతుండె."

"ఎక్కిస్త."

బస్టాండు దగ్గరి మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్తది తీసుకోమన్నాడు. ఇంకొకతను ముట్టుకోనే లేదు. మిగిలింది గౌస్ పాషా. ఒకప్పుడు గద్వాలలో ఏ చిన్న స్కూటరు మొండికేసినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. నిరుడు ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచీ దుకాణం షట్టరు దించే ఉంది. వెనక గల్లీలోనే ఇల్లు కాబట్టి సుహాసిని అప్పుడప్పుడు వెళ్ళి బీపీ చూసి వచ్చేది.

"ఈ చెయ్యి పానా పట్టదమ్మా," అన్నాడు ఆయన, వేళ్ళు చూపిస్తూ. "నాతోటి ఏమైతది?"

"మీరు చెప్పుర్రి చాచా. నేను చేస్త."

"నువ్వా? సూదులేసే చేతులమ్మా అవి."

"పసిపిల్ల సన్న నరం దొరకబట్టే చేతులు. స్క్రూ తిప్పలేవా?"

గౌస్ పాషా లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "అమీరున్నీసా! దుకాణం తాళంచెవి ఏడ పెట్టినవ్?"

ఆదివారం పొద్దున షట్టరు పైకి లేచింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, సుహాసిని నేల మీద. ముందు ట్యాంకులో మురిగిన పెట్రోలు వంపేసింది. కార్బొరేటరు విప్పింది. అందులో పెట్రోలు పారే జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంది, దాని నిండా జిగురు. ఆమె తీగముక్క అందుకోగానే ఆయన అరిచాడు.

"తీగ పొడవకు! రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగుడు మొదలుపెడ్తది."

ఆమె సంచీలోంచి కొత్త సిరంజి తీసి, పెట్రోలు నింపి, రంధ్రానికి ఆనించి గట్టిగా నొక్కింది. మూడోసారికి జిగురు ఊడి సన్నటి ధార అవతలికి చిమ్మింది. గౌస్ పాషా కొంచెం ముందుకు వంగి కూర్చున్నాడు.

ఎయిర్ ఫిల్టరు స్పాంజి ఉతికి ఆరేసింది. ప్లగ్గు మార్చింది, గేరు ఆయిల్ మార్చింది, బ్రేకులు బిగించింది. సైలెన్సరు విప్పి చూస్తే లోపల మసి గడ్డకట్టి, వేలు దూరేంత సందు కూడా లేదు.

"ముక్కు మూసి ఉరుకుమంటే ఎవడురుకుతడు?" అన్నాడాయన. దాన్ని ఎర్రగా కాల్చి, చల్లారాక కర్రతో కొట్టి మసి రాల్చేసరికి ఆమె మోచేతుల దాకా నల్లబడింది. సాయంత్రం బండి స్టార్టయింది. అమీరున్నీసా వాకిట్లోకి వచ్చి, పొగకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ ఊరికి టీకాల వంతు మళ్ళీ శనివారం వచ్చింది; సుహాసిని దాని మీదే బయలుదేరింది. చదునైన సాపు రోడ్డు మీద బాగానే పోయింది. గుట్ట సగం ఎక్కాక మాత్రం నీరసపడి, మూలిగి, ఆగిపోయింది. మేకల మందతో వస్తున్న ముసలాయన ఆమెను దాటుకుని ముందుకు పోయాడు. ఆమె ఐసు పెట్టె సీటుకు బిగించి కట్టి, బండిని తోసుకుంటూ గుట్ట ఎక్కింది. ఊరు చేరేసరికి సగం మంది చేలకు వెళ్ళిపోయారు. ఏడుగురు పిల్లలు దొరికారు. ఏడుగురికీ వేసింది. తిరిగి వస్తూ తిన్నగా గౌస్ పాషా ఇంటి ముందే దిగింది.

"ఎక్కుడు మీద ఇంజను గొంతు ఎట్లుండె?" అని అడిగాడాయన. "అరిచెనా, మూలిగెనా?"

"మూలిగింది చాచా."

"అట్లనా? ఇంజనుకు దమ్ముంది, పుల్లీనే దాన్ని తొక్కుతుంది. ఎడమపక్క డబ్బా ఇప్పు."

చక్రాన్ని తిప్పే బెల్టు వెనక, పుల్లీలో ఆరు చిన్న రోలర్లు ఉన్నాయి. గుండ్రంగా ఉండాల్సినవి ఒకపక్క అరిగి పలకలైపోయాయి.

"తేలికవి వేస్తే ఎక్కుడుకు మంచిగ గుంజుతది," అన్నాడాయన. "సాపు రోడ్డు మీద ఉరుకుడు జర తగ్గుతది. నీకేది గావాలె?"

"ఎక్కుడే గావాలె."

కొత్త రోలర్లు హైదరాబాదు నుంచి మంగళవారానికి వచ్చాయి. ఆమె బిగించింది. ఆయన మాత్రం తృప్తి పడలేదు. "దుకాణంల కూసొని చెప్తే కాదు. ఎక్కుడు మీదనే ఇనాలె. నేను వస్త."

"ఏం మాటలవి! ఒక్కచేత్తో పట్టుకొని పడ్తరు," అని అడ్డం వచ్చింది అమీరున్నీసా.

"పడితే నర్సమ్మ ఉండనే ఉన్నది."

పక్షవాతం వచ్చాక ఆయన బండెక్కడం అదే మొదటిసారి. ఎడమచేత్తో వెనక కడ్డీ పట్టుకుని, తల పక్కకు వంచి, ధరూర్ దాటేదాకా ఇంజను చప్పుడే విన్నాడు. గుట్ట మీద బండి గట్టిగా అరుస్తూ లాగుతుండగా, "ఇప్పుడు బంద్ చెయ్!" అన్నాడు. ఆమె ఇంజను ఆపి, గుడ్డ పట్టుకుని ప్లగ్గు విప్పింది. దాని మొన తెల్లగా ఉంది.

"పెట్రోలు సాలుతలేదు. గిట్ల రోజూ తోలితే ఇంజను కాలి పట్టేస్తది. కార్బొరేటరు సూదిని ఒక్క గాటు లేపు."

ఎండలో, రోడ్డు పక్కన రాయి మీద గుడ్డ పరిచి ఆమె కార్బొరేటరు మూత తీసింది. లోపలి సూది పైకి లేచేలా, దానికున్న క్లిప్పును ఒక్క గాటు కిందికి మార్చింది. కిందికి దిగి మళ్ళీ ఎక్కారు. ఈసారి బండి ఆగకుండా లాగింది. విప్పి చూస్తే ప్లగ్గు మొన సరైన చాయ్ రంగుకు వచ్చింది. గౌస్ పాషా దాన్ని ఎడమ అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. సుహాసిని పానాలు సర్దే నెపంతో అటు తిరిగింది.

మర్నాడు బుధవారం, ఆ ఊళ్ళో మిగిలిపోయిన పిల్లలకు వేయాల్సిన రోజు. ధరూర్ దవాఖానలో రాత్రి డ్యూటీ సిస్టరుతో ముందే మాట్లాడి పెట్టుకుంది కాబట్టి ఆరుంపావుకే మందు చేతికొచ్చింది. గుట్ట మీద బండి వేగం సైకిలుకు కొంచెం ఎక్కువ, అంతే. కానీ ఎక్కడా ఆగలేదు. ఏడు కొట్టకముందే ఆమె ఊళ్ళో ఉంది. చేనుకు పోయే ఆటో అప్పటికే నిలబడి ఉంది. ఆడవాళ్ళు సద్దిగిన్నెలతో ఎక్కుతున్నారు.

సారమ్మ ఆమెను చూసి అరుగు దిగింది. ఎవరూ చెప్పకుండానే గల్లీలోకి నడిచి కేకలు పెట్టింది. "నర్సమ్మ వచ్చింది! పిల్లల్ని తీస్కరాండ్రి! ఓ మేస్త్రీ, ఆటో జరసేపు ఆపు!"

మేస్త్రి హారను కొట్టాడు. సుహాసిని తలెత్తలేదు. బండి సీటు మీదే పెట్టె తెరిచి, ఆటో పక్కనే నిలబడి ఒక్కొక్కరికీ వేసింది. పందొమ్మిది మంది. ఆ ఊళ్ళో ఒక్కపూట అంతమందికి వేయడం అదే మొదలు. చివరగా సారమ్మ మనవరాలి నోట్లో విటమిన్ చుక్కలు పోస్తే, పిల్ల మొహం చిట్లించి గట్టిగా ఏడ్చింది.

సాయంత్రం గౌస్ పాషా వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. సుహాసిని బండి ఆపకముందే, "ఎక్కెనా?" అని అడిగాడు.

"ఎక్కింది చాచా. పొద్దుగాల సల్లగున్నప్పుడు మాత్రం బెల్టు జర జారుతుంది."

"ఆదివారం రా, చూద్దం. ఇంకో సంగతి. మల్దకల్ పక్క నర్సమ్మ, జయశ్రీ అంట, మధ్యాహ్నం వచ్చిపోయింది. తన బండి గూడ చూడాలంట. 'నా చేతుల్తోని కాదమ్మా, నీ చేతుల్తోనే చేసుకోవాలె' అని ఆమెకు చెప్పిన. సరే అన్నది."