సరస్సు మీద అమ్ముడుపోయిన కారు

శనివారం తెల్లవారకముందే సిర్క్కా దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి ఐలా ఒక కాలు రబ్బరు బూటులో పెట్టి, రెండో బూటు కోసం తడుముకుంటోంది.

"రాలేనమ్మా. ఒళ్ళు కాలిపోతోంది. లేచి నిలబడితే ఇల్లు గిర్రున తిరుగుతోంది," అంది సిర్క్కా బొంగురు గొంతుతో.

రైతులు ఊరెళ్ళాల్సి వస్తే వాళ్ళకి బదులు పాలు పిండిపెట్టే మనిషి ఆ చుట్టుపక్కల సిర్క్కా ఒక్కతే. ఈ శని, ఆదివారాల కోసం ఐలా క్రిస్మస్‌కి ముందే ఆమెతో మాట అనుకుంది. ఇప్పుడు కోప్పడి లాభం లేదు. "పడుకో. ఏదైనా వేడిగా తాగు," అని ఫోన్ పెట్టేసి రెండో కాలు కూడా బూటులో దూర్చింది.

పశువుల కొట్టంలో తమ్ముడు తౌనో అప్పటికే మేత వేస్తున్నాడు.

"సిర్క్కా రావట్లేదురా."

"మరి పందెం?"

"పాలు పిండేసి వెళ్దాం. సాయంత్రం వచ్చి మళ్ళీ పిండుకుందాం."

"రేపు కూడా అంతేనా అక్కా?"

"రేపు ఆదివారమని ఆవులకి చెప్పి చూడు, వింటాయేమో."

తౌనో నవ్వలేదు. పార మళ్ళీ అందుకున్నాడు.

ఐలాకి యాభై దాటింది. తౌనో ఆమెకంటే అయిదేళ్ళు చిన్న. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, ఆవులతోనే ఏళ్ళు గడిచిపోయాయి. మొదట్లో మంచు మీద పందెం కార్లు తోలింది తౌనోయే. ఒక చలికాలం బెదిరిన ఆవు అతన్ని ఇనుప కమ్మీకేసి నొక్కేసింది. ఆ దెబ్బకి కుడి భుజం పాడైంది, చెయ్యి తల దాకా లేవదు. అప్పటినుంచి కారు తయారుచెయ్యడం తమ్ముడి వంతు, తోలడం అక్క వంతు. ఇలా ఎప్పుడు అనుకున్నారంటే ఇద్దరికీ గుర్తులేదు.

ఈ ఏడాది కారు ఎర్రది. ఎవరి పెరట్లోనో దురదగొండి మొక్కల మధ్య పడివుంటే తౌనో ట్రాక్టర్‌తో లాక్కొచ్చాడు. ఆకులు రాలే కాలం నుంచి ప్రతి సాయంత్రం, పాలపని కాగానే, షెడ్డులో దాని కింద దూరేవాడు. లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించాడు, ముందు అద్దం తీసేసి జల్లెడలాంటి వల కట్టాడు, ఇంజన్ మొత్తం విప్పి మళ్ళీ పేర్చాడు. మామూలు మనుషుల పందెం ఇది. డబ్బున్నవాడు డబ్బు పోసి గెలవకూడదని ఒక నిబంధన పెట్టుకున్నారు. పందెం అయ్యాక ఏ కారునైనా, ముందే నిర్ణయించిన ఒకే ఒక్క ధరకి, అక్కడ పోటీ చేసిన ఎవరైనా కొంటానని అడగొచ్చు. అడిగితే ఇచ్చి తీరాలి, ఇవ్వనంటే లైసెన్స్ పోతుంది. ఇన్నేళ్ళలో ఐలా కారుని ఎవరూ అడగలేదు. అడిగేంత బాగా అది ఏనాడూ పరిగెత్తలేదు.

సరస్సు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. మంచు దున్ని దారి వేశారు, రెండు పక్కలా మోకాలెత్తు కట్టలు. గడ్డకట్టిన నీటి మీద వ్యాన్లు, కార్లు మోసుకొచ్చిన ట్రైలర్లు, సాసేజ్‌లు కాల్చే పొగ. చలికి ముక్కులో వెంట్రుకలు కూడా బిగుసుకుపోతున్నాయి.

"ఏమే ఐలా, ఇప్పుడా రావడం? మేము ఇక్కడ మీసాలు మొలిచేదాకా కూర్చున్నాం!" అని అరిచింది హెల్వీ. కలప లారీ నడిపే మనిషి, గొంతు కూడా లారీ హారన్‌లాగే ఉంటుంది. ఆడవాళ్ళ విభాగంలో ఏడేళ్ళుగా ఐలాని ఓడిస్తోంది.

"నీకు మొలిచి చాలాకాలమైంది గదా," అంది ఐలా. అంతకంటే మంచి జవాబు వెతకడానికి ఓపిక లేదు.

అందరినీ చిన్న చిన్న జట్లుగా విడదీసి శనివారం రెండు పరుగులు, ఆదివారం ఒకటి, ఆ మార్కులు కూడి పైనున్న ఆరుగురికి ఆఖరి పరుగు. మొదటిదాంట్లో ఐలాకి ఏమీ కనిపించలేదు. ముందు కార్లు లేపిన మంచుపొడి తెల్లటి గోడలా నిలబడిపోయింది. వల సందుల్లోంచి ఆ పొడి మొహాన కొట్టి, కళ్ళజోడు మీద పేరుకుంది. శబ్దాన్ని బట్టి మలుపు ఊహించుకుంటూ నడిపింది. అయినా మూడోది వచ్చింది. రెండో పరుగులో రెండోది.

"చూశావా లాగుడు? నేను చెప్పలా?" తౌనో బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, ఆవు వీపు మీద పెట్టినట్టు.

"చూశాన్రా. పద, పొదుగులు బిగిసిపోయి ఉంటాయి."

ఇంటికొచ్చి పాలు పిండేసరికి ఆమె వేళ్ళు వంగడం మానేశాయి. స్నానానికి ఆవిరిగది వేడిచేద్దామా అని తౌనో అడిగితే, అందులోనే నిద్రపోయి ఉడికిపోతానంది.

ఆదివారం చీకటితో కొట్టంలోకి వెళ్ళగానే ఒక ఆవు పడుకుని మూలుగుతోంది. దూడ ముందుకాలు ఒకటి బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడి ఉంది. ఐలా చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, సబ్బునీళ్ళు రాసుకుని, గడ్డిలో బోర్లా పడుకుంది. ఆవు నొప్పి పడ్డప్పుడల్లా ఆమె చెయ్యి నలిగిపోయేది. ఎలాగో గిట్ట దొరకబుచ్చుకుని, అరచేతిలో దాచుకుని, ముందుకి తిప్పింది. తౌనో తాడు కట్టి ఎడమచేత్తో లాగాడు, అక్క వెనకనుంచి అతని నడుం పట్టుకుని తనూ లాగింది. దూడ, నీళ్ళు, ఇద్దరూ ఒకేసారి గడ్డిలో పడ్డారు. దూడ తుమ్మింది.

"బతికింది. మన సంగతే ఇంకా తేలలేదు," అన్నాడు తౌనో.

మిగతా ఆవుల పాలు పిండి, చెయ్యి కడుక్కుని, సరస్సు చేరేసరికి మైకులో ఆమె పేరు రెండోసారి పిలుస్తున్నారు. బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. కొట్టంలో వేసుకున్నవాటి మీదే పందెం దుస్తులు తొడుక్కుంది.

పక్క కారులోంచి హెల్వీ ముక్కు ఎగబీల్చింది. "ఇదేం వాసనే? ఆవుని కూడా ఎక్కించుకొచ్చావా?"

"దానికి లైసెన్స్ లేదు. నేనే వచ్చాను."

ఆ పరుగులో నాలుగోది వచ్చింది. అయినా మార్కులు సరిపోయాయి. ఆఖరి పరుగుకి ఆరో స్థానం ఆమెదే.

పచ్చదీపం వెలిగినప్పుడు ఐలాకి ప్రతిసారీ భయమేసేది. ఈసారి వెయ్యలేదు. భయపడడానికి కూడా కొంత బలం కావాలి, అది ఆ పొద్దున దూడతోపాటు ఖర్చయిపోయింది. మొదటి మలుపులో ముందున్నవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుని లోపలి కట్టకేసి తిరిగిపోయారు. ఆమె తొందరపడకుండా బయటివైపు నుంచి జారిపోయింది. బ్రేకు తొక్కాలనే ఆలోచన రాలేదు. కారు అడ్డంగా జారుతుంటే జారనిచ్చింది. స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకునే ఓపిక లేక వేళ్ళ మధ్యే ఆడనిచ్చింది. ఇన్నేళ్ళూ తౌనో "కారుతో కుస్తీ పట్టకే, అక్కా" అని నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు పట్టడంలేదు. చివరి చుట్టులో హెల్వీ పక్కకి వచ్చింది, ఇద్దరి తలుపులూ రాసుకున్నాయి, తర్వాత హెల్వీ నీలం కారు వెనకబడింది.

రెండో స్థానం. ఆమె జీవితంలో అంతకంటే పైకి ఎప్పుడూ రాలేదు. తౌనో మంచు మీద పరిగెత్తబోయి, జారి, కూర్చున్నచోటే చెయ్యి ఊపాడు. బాగున్న చెయ్యి.

ఆ సంతోషం కాఫీ తాగేంతసేపు నిలిచింది. మైకులో కార్లు కొనడానికి వచ్చిన దరఖాస్తులు చదివారు. వాటిలో ఐలా కారు ఉంది.

నిర్వాహకుల బండిలో నెరిసిన గడ్డం పెద్దాయన బల్ల వెనక కూర్చున్నాడు. హెల్వీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడింది. మొదటిసారి ఆమె గొంతు చిన్నదైంది. "ఏమనుకోకు ఐలా. నన్ను దాటి వెళ్ళిందంటే అది మామూలు బండి కాదు."

"ఇవ్వనని చెప్పెయ్," అన్నాడు తౌనో. మెడ దాకా ఎర్రబడిపోయాడు. "లైసెన్స్ తీసుకుంటే తీసుకోనీ. ఎలాగూ అలిసిపోయానని రోజూ అంటూనే ఉంటావుగా. ఇవ్వననవే!"

"ఇవ్వనంటే ఈ చలికాలం, పై చలికాలం తోలడానికి వీల్లేదు," అన్నాడు గడ్డం పెద్దాయన, ఎవరి వైపూ చూడకుండా.

ఐలా నిలబడి ఆలోచించింది. ఇవ్వనంటే రెండు చలికాలాలు నిద్ర. కానీ కారు షెడ్డులోనే ఉంటుంది, తమ్ముడు ప్రతి సాయంత్రం దాని బానెట్ ఎత్తి చూస్తూ ఉంటాడు, ఆ పానాల చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూ ఉంటుంది. ఇచ్చేస్తే వాడు బాధపడతాడు. వాడి గోళ్ళలో ఇంకా నల్లటి గ్రీజు ఉంది. రెండువైపులా ఏదో ఒకటి చెప్పాలి, వాదించాలి, ఓదార్చాలి. ఆ బండిలో వెచ్చగా ఉంది. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. సంతకం పెట్టడం అన్నిటికంటే చిన్న పని అనిపించింది. పెట్టేసింది.

తౌనో తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటిదాకా అతనే నడిపాడు. వెనక ఖాళీ ట్రైలర్ ప్రతి గతుకులోనూ ఎగిరిపడి గలగలలాడింది. ఐలా ఒకసారి "తమ్ముడూ" అంది. అతను వైపర్ వేశాడు. మంచేమీ పడటంలేదు.

పాలు పిండేటప్పుడు చెరొక వరసా తీసుకున్నారు. వరస మధ్యకొచ్చాక, ఆవు వీపు మీదుగా అతని తల కనిపించింది.

"రెండో గేరు ఊడి వచ్చేస్తుంటుందని ఆ హెల్వీకి చెప్పావా?"

"ఊడుతుందా? నేనెప్పుడూ చూడలేదే."

"నువ్వు రెండో గేరు ఎప్పుడు వాడావు గనక! మూడులోనే ఈడ్చుకుంటూ పోతావు."

"అది అడగలేదు. నేను చెప్పలేదు."

తౌనో ఆవు వెనక్కి వంగిపోయాడు. ఏడుస్తున్నాడేమోనని ఆమె అటు తొంగిచూసింది. నవ్వుతున్నాడు, చప్పుడు కాకుండా, చెడ్డ భుజం పట్టుకుని. ఐలాకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే మేత బస్తా మీద కూలబడింది.

"నువ్వు ఇంట్లోకి పో అక్కా. మిగిలినవి నేను చూసుకుంటా."

ఆమె కాదనలేదు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం పూర్తికాకుండానే మంచం ఎక్కింది. నిద్ర పట్టబోతుండగా తౌనో లోపలికి వచ్చిన చప్పుడైంది. వంటింట్లో ఫోన్ చేస్తున్నాడు.

"సిర్క్కా, జ్వరం తగ్గిందా? సరే, సరే, రేపు రావద్దు, పడుకో." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "అదిగాదు... మీ అన్నయ్య గడ్డివాము వెనక బూడిదరంగు కారు ఒకటి పడుండేది. ఇంకా ఉందా? ఇంజన్ తిరుగుతుందా?"

లేచి వెళ్ళి వద్దని చెప్పాలనుకుంది ఐలా. అంత దూరం నడిచే ఓపిక లేక, దుప్పటి చెవుల మీదికి లాక్కుంది.