పదిహేనో కర్ర

బఠాణీ సూపు అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పొద్దున ఎనిమిదింటి నుంచీ విర్పి అదే పని మీద ఉంది. మే నెల మొదటి శనివారం, గోల్ఫ్ క్లబ్బులో శ్రమదానం రోజు. మగవాళ్లందరూ చీపుర్లు పట్టుకుని మైదానం మీద పడ్డారు. ఉత్తర యూరప్ కదా, అడవి నీడన ఇంకా మంచు కరగలేదు. క్లబ్బు గోడ మీద ఫొటో ఉన్న ఒకే ఒక్క ప్రొఫెషనల్ విర్పి. పదకొండేళ్లు యూరప్ అంతా తిరిగి ఆడింది. అయినా శ్రమదానం అనేసరికి ఆమె చేతికి గరిటే వస్తుంది. బలవంతమేమీ ఉండదు. "విర్పి చేస్తే ఆ రుచే వేరు" అంటారు, అంతే.

యార్నో ఆమె మొగుడు, ఆమె కేడీ కూడాను. అంటే ఆట సాగినంతసేపూ ఆమె సంచి మోసేది అతనే. పెళ్లాం సంచి మోసే మొగుడు ఎంతమందికి దొరుకుతాడమ్మా అని ఊరంతా మెచ్చుకుంటుంది. నిజమే, రోజుకి ఐదు గంటలు మోస్తాడు. మిగతా పంతొమ్మిది గంటల సంగతి ఎవరికి పట్టింది? టికెట్లు కొనేది ఆమె, హోటళ్లు వెతికేది ఆమె, పొద్దున్నే ఓట్స్ జావ కాచి, రాత్రి వాష్‌బేసిన్‌లో అతని సాక్సులు ఉతికేది ఆమె. ఆట మధ్యలో వాన పడి అతను అలిగితే, బంతి సంగతి పక్కనపెట్టి బతిమాలుకునేదీ ఆమే. అలసట అనే మాట కూడా ఆమెకి పాతబడిపోయింది.

కిందటి అక్టోబరులో సీజన్ చివరి పోటీ, గట్టెక్కితేనే టూర్‌లో, అంటే వచ్చే ఏడాది యూరప్ పోటీల్లో, చోటు నిలుస్తుంది. ముందురోజు సాయంత్రం ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, యార్నో తన గోల్ఫ్ కర్ర పట్టుకుని హోటల్ పచ్చికలో సరదాగా ఆడుకున్నాడు. తిరిగొచ్చి ఆ కర్రని ఆమె సంచిలో గుచ్చేసి మరిచిపోయాడు. సంచిలో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. రెండో గుంత దగ్గర పదిహేనోది బయటపడింది. నాలుగు షాట్ల శిక్ష పడింది. మూడు షాట్ల తేడాతో చోటు పోయింది.

"నువ్వు చూసుకోవద్దా?" అన్నాడు యార్నో అక్కడికక్కడే.

సంచి సర్దిందెవరని నియమాల పుస్తకం అడగదు, తప్పెప్పుడూ ఆడేవాళ్లదే. విలేకర్లతో "పొరపాటు నాదే" అంది విర్పి. నిజం చెబితే అతని పరువేం కావాలి? ఆ కర్ర అతని నలభయ్యో పుట్టినరోజుకి అత్తగారు హెల్వి, దాని మీద కొడుకు పేరు చెక్కించి మరీ ఇచ్చింది. అది విమానాశ్రయంలో పోయిందని తల్లితో చెప్పాడు. ఆవిడ ఆ విమానాశ్రయం వాళ్లని ఇప్పటికీ తిట్టిపోస్తోంది. "పారెయ్ దాన్ని" అన్నాడు విర్పితో. ఆమె తువ్వాల్లో చుట్టి కారు డిక్కీలో దాచింది. ఎందుకో ఆమెకే తెలీదు.

మళ్లీ టూర్‌లోకి రావాలంటే అర్హత పోటీ ఆడాలి. దానికి పేరు ఇవ్వడానికి ఈరోజు పన్నెండింటితో గడువు సరి. పొద్దున కాఫీ తాగుతూ యార్నో తేల్చేశాడు: "ఈ ఏడాది ఆగుదాం విర్పీ. నా నడుం మొరాయిస్తోంది. నీకూ ముప్పై ఎనిమిదొచ్చాయి." ఆమె కాఫీ కప్పులు కడిగి క్లబ్బుకి బయల్దేరింది. పేరైతే ఇవ్వలేదు.

"వాడి నడుం విరిగింది అమ్మాయ్, నీ సంచి మోసీ మోసీ," అంది హెల్వి, సూపు గిన్నె పక్కన ఏలకుల బన్నులు పళ్లెంలో పేరుస్తూ.

పదకొండున్నరకి జనం గిన్నెలతో వరస కట్టారు. ముందు నిలబడ్డది క్లబ్బు పెద్ద కౌకో. "విర్పీ, గరిటెలు లెక్కపెట్టావా? పదిహేనున్నాయంటే మనకీ శిక్ష పడుద్ది!"

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా యార్నో నవ్వాడు. "ఏం చేస్తామండీ, ఆటలో ఎంత గట్టిదో లెక్కల్లో అంత మొద్దు!"

విర్పికి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి. ఇంక చాలనిపించింది. గరిటె గిన్నెలోనే వదిలి, చేతులు తుడుచుకుని, ఫోన్ తీసింది. దరఖాస్తు నింపింది. కేడీ పేరు అడిగిన చోట 'లేరు' అని కొట్టి పంపేసింది. కారు దగ్గరికెళ్లి, తన సంచి భుజానికేసుకుని, తువ్వాలు మూట పట్టుకుని వచ్చింది.

మూట విప్పి ఆ కర్రని బన్నుల పళ్లెం పక్కన పెట్టింది. "అక్టోబరులో నా సంచిలో దొరికిన పదిహేనోది ఇదే. నాది కాదు."

హెల్వి కళ్లజోడు సవరించుకుంది. పేరు చదవక్కర్లేకపోయినా చదివింది. "ఇది విమానాశ్రయంలో పోయిందన్నావు కదరా?"

యార్నో మొహం పాలిపోయింది. "అమ్మా, అదీ... ఇంతమందిలో ఏంటిది విర్పీ? ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

కౌకో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

"పోటీకి పేరిచ్చాను. సంచి నేనే మోసుకుంటాను," అంది విర్పి. గరిటె తీసి యార్నో చేతిలో పెట్టింది. "కలుపుతూ ఉండు. అడుగంటుతుంది."